ఎండిన లోయలో గోతులు త్రవ్వుదము



నూతన సంవత్సరము వచ్చిందంటే మన ఇండ్లలోనికి మూడు క్రొత్తవి వస్తాయి. ఒకటి క్యాలెండరు, రెండవది వాగ్దాన కార్డు, మూడవది తీర్మానము. క్యాలెండరు డిసెంబరు దాకా గోడమీద ఉంటుంది. వాగ్దాన కార్డు బైబిలు మధ్య భద్రముగా ఉంటుంది. తీర్మానము మాత్రము సంక్రాంతి పండుగ దాటితే గొప్ప. దేవుని ఉద్దేశము చొప్పున ఈ సంవత్సరము జీవించాలని మోకాళ్ళమీద చెప్పిన మాట నెల తిరగక ముందే ఎందుకు ఎండిపోతుంది? ఈ ప్రశ్నతో ఈ నెల మిమ్మును రాయదుర్గము తీసికొని వెళ్తాను. ఎండిపోవడమంటే ఏమిటో, ఎండిన చోట నిలిచి పని చేయడమంటే ఏమిటో ఆ నేలకు బాగా తెలుసు.

కొండ, కోట, కరువు

అనంతపురము నుండి కళ్యాణదుర్గము మీదుగా పడమరకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేస్తే రాయదుర్గము వస్తుంది. దారి పొడవునా ఎఱ్ఱ నేలలు, రాళ్ళ గుట్టలు, అక్కడక్కడ చింత చెట్లు, వేప చెట్లు. ఊరు దగ్గరపడేసరికి పెద్ద పెద్ద గుండ్లతో నిండిన కొండ, దానిమీద పాత కోట గోడలు కనబడతాయి. విజయనగర రాజుల కాలమునుండి పాళెగార్ల కాలము దాకా ఈ కోటకోసము ఎందరో పోరాడారు. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేశాడు గనుక దీనికి దత్త మండలమని పేరు వచ్చింది. రాయలసీమ అనే పేరు 1928లో వచ్చినదే. రాయదుర్గము అప్పట్లో బళ్ళారి జిల్లాలోని తాలూకా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలతోబాటు ఇది కూడా ఇటువైపు వచ్చింది. అందుచేతనే ఇక్కడి బజారులో ఒక మాట తెలుగులో మొదలై కన్నడములో ముగుస్తుంది.

ఈ జిల్లాలో సాధారణ వర్షపాతము సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థానులోని జైసల్మేరు తరువాత దేశములో తక్కువ వాన మనకేనని ఇక్కడివారు చెప్పుకొంటారు. నైరుతి ఋతుపవనాల మబ్బులను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య మబ్బులు తూర్పు సముద్రమునుండి ఇంత దూరము వచ్చేసరికి తేలికైపోతాయి. శనక్కాయ పంటకు ఊడలు దిగే సమయములో ఒక్క పదును తప్పితే చాలు, ఏడాది కష్టము మట్టిపాలు. అట్టి ఏడు కుటుంబములో సగము మంది మూటలు కట్టుకొని బెంగుళూరు బస్సు ఎక్కుతారు. అప్పుల భారము తాళలేక ప్రాణాలు తీసికొన్న రైతుల ఇండ్లు కూడా ఈ జిల్లాలో ఉన్నాయి. ఆ ఇండ్లలోని విధవరాండ్రకు, పిల్లలకు నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పాలంటే మాట జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఈ సంవత్సరము అన్నీ బాగుంటాయని తేలికగా అనడానికి నోరు రాదు.

వాగ్దానము తీసికొన్నాము, మాట ఇచ్చామా?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు మన గ్రామ సంఘాలలో మందిరము నిండిపోతుంది. సంవత్సరమంతా గుడి గడప త్రొక్కనివారు కూడా ఆ రాత్రి వస్తారు. పండ్రెండు గంటలకు గంట కొడతారు. అందరూ మోకరిస్తారు. తరువాత వాగ్దాన కార్డుల పళ్ళెము తిరుగుతుంది. ఒక్కొక్కరు కన్నులు మూసికొని ఒక కార్డు తీసికొంటారు. “అయ్యగారూ, పోయిన ఏడు వచ్చిన కార్డే మళ్ళా వచ్చింది” అని ముఖము చిన్నబుచ్చుకొనేవారు ఉంటారు. దేవుడు ఒకే మాట రెండుసార్లు చెబుతున్నాడంటే మొదటిసారి మనము వినలేదేమో!

కార్డు తీసికోవడము తప్పని నేను చెప్పను. దేవుని వాక్యము ఏ రూపములో ఇంటికి వచ్చినా మంచిదే. అయితే నిబంధనకు రెండు ప్రక్కలు ఉంటాయి. దేవుని మాట మన చేతికి వచ్చింది. మన మాట ఆయన చేతికి వెళ్ళిందా?

మన పెద్దలు ఈ సంగతి ఎరుగుదురు. జాన్ వెస్లీ 1755 ఆగస్టు 11న లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో ఉన్న ఫ్రెంచి మందిరములో ఒక నిబంధన ఆరాధన జరిపించాడు. సుమారు 1800 మంది లేచి నిలువబడి తమను దేవునికి అప్పగించుకొన్నారు. తరువాతి కాలములో మెథడిస్టులు దానిని సంవత్సరారంభమున జరుపుకొనడము మొదలుపెట్టారు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మెథడిస్టులు కూడా అందులో చేరారు గనుక ఆ ఆచారము మన ఆరాధనలోనికి కూడా వచ్చింది. యెహోషువ షెకెములో ప్రజలచేత మాట తీసికొన్న విధము మీకు తెలుసు. ప్రజలు మేము దేవునినే సేవిస్తామని తొందరపడి చెప్పగా, అది మీవల్ల కాదని అతడు మొదట వారిని హెచ్చరించాడు. అంతట వారు మరల స్థిరముగా చెప్పిన తరువాతనే పెద్ద రాయి ఒకటి తెచ్చి చెట్టు క్రింద సాక్షిగా నిలువబెట్టాడు (యెహోషువ 24). తొందరగా చెప్పిన మాట నిలువదని ఆ భక్తునికి తెలుసు. రాయదుర్గములో రాళ్ళకు కొరత లేదు. మన మాటకు సాక్షిగా నిలువబెట్టడానికి ఏమి ఉందన్నదే ప్రశ్న.

ఎలీషా చెప్పిన పని

రెండవ రాజుల గ్రంథము మూడవ అధ్యాయము ఈ కరువు సీమలో చదివితే దాని అర్థము వేరుగా తగులుతుంది. ముగ్గురు రాజులు ఏడు దినాలు ఎడారిలో తిరిగి సైన్యానికీ పశువులకూ నీళ్ళు లేక అల్లాడుతున్నారు. వారు ఎలీషా దగ్గరకు వెళ్ళారు. అతడు వాన వస్తుందని చెప్పి వారిని కూర్చుండమనలేదు. ఆ ఎండిన లోయ నిండా గోతులు త్రవ్వమన్నాడు. గాలి కనబడదు, వాన కనబడదు, అయినా లోయ నీటితో నిండుతుందన్నాడు. తెల్లవారి నైవేద్యము అర్పించే వేళకు ఎదోము మార్గమున నీళ్ళు వచ్చి ఆ చోటు నిండింది.

నీళ్ళు దేవుడు పంపించాడు. గోతులు మనుష్యులు త్రవ్వారు. గోతులు త్రవ్వినందువలన నీళ్ళు పుట్టలేదు. అయితే గోతులు లేకపోతే ఆ నీళ్ళు ఇసుకలోనికి పోయేవి. నూతన సంవత్సర తీర్మానము అంటే ఇదే. అది దేవుని దీవెనకు మనము చెల్లించే వెల కాదు. దీవెన వచ్చినప్పుడు నిలువ ఉండేందుకు ముందుగా సిద్ధపరచే చోటు.

ఈ పాఠము మన జిల్లాకు క్రొత్త కాదు. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న దేశములో మొట్టమొదట ప్రారంభమైనది అనంతపురము జిల్లా నార్పల మండలములోని బండ్లపల్లి గ్రామములో. ఆ తరువాత మన ప్రజలు ఎండలో పలుగు, పార పట్టి ఎన్నో కందకాలు, సేద్యపు కుంటలు త్రవ్వారు. త్రవ్వుతున్న దినమున ఆకాశములో మబ్బు ఉండదు. చూసేవారికి అది వట్టి గుంత. వాన పడిన రాత్రి గాని ఆ గుంత విలువ తెలియదు.

నది తన దారి మరువదు

రాయదుర్గానికి దగ్గరలో గుమ్మగట్ట మండలములో వేదవతి నది మీద భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. ఈ నదినే క్రిందివారు హగరి అంటారు. ఇది కర్ణాటకలోని బాబాబుడన్ కొండలలో పుట్టి మన దగ్గరకు వస్తుంది. వాన అక్కడ, నీళ్ళు ఇక్కడ. ఎదోము మార్గమున నీళ్ళు వచ్చిన సంగతి మన రైతుకు వేరే వివరించనక్కరలేదు.

ఈ నదికి ఎగువన చిత్రదుర్గము జిల్లాలో వాణీవిలాస సాగరము అనే పాత ఆనకట్ట ఉంది. మైసూరు మహారాజుల కాలములో, 1907లో అది పూర్తయింది. 1933లో అది నిండి పొర్లింది. ఆ తరువాత 89 సంవత్సరాలు పొర్లలేదు. మూడు తరాల మనుష్యులు ఆ మరవ పారడము చూడకుండానే కన్నుమూశారు. 2022 సెప్టెంబరులో అది మరల నిండి పొర్లింది. ఆ నీరు వేదవతి దారినే క్రిందికి వచ్చింది. ఇన్ని ఏండ్లు ఎండిన నది ఇక చచ్చిందని అనుకొన్నవారికి అది తన దారి మరువలేదని తెలిసింది.

ప్రియులారా, దేవుని ఉద్దేశము ఆలస్యమైతే రద్దయినట్లు కాదు. మీ కుమారుని మారుమనస్సు కోసము, మీ భర్త త్రాగుడు మానడము కోసము పదేండ్లుగా ప్రార్థిస్తూ ఉండవచ్చు. ఈ సంవత్సరము జవాబు వస్తుందని నేను తేదీ చెప్పలేను. ఆ దారిలో ముళ్ళకంప పెరుగకుండా చూడమని మాత్రము చెప్పగలను. కుమారుడు రాని ఇంటిలో కూడా అతని పేరు పెట్టి ప్రార్థన జరగాలి, అతనికి తలుపు తెరిచి ఉండాలి.

ఇసుక మేటలు

రాయదుర్గానికి ఉత్తరాన కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలలో హగరి ఒడ్డున చూస్తే ఎడారి చిత్రము చూసినట్టు ఉంటుంది. ఎండిన నదిలోని ఇసుకను నైరుతి గాలులు లేపి ప్రక్కన ఉన్న పొలాలమీద పోస్తాయి. ఏ రాత్రీ ఒక గుట్ట ఊడిపడదు. ఒక్కొక్క రేణువు, ఒక్కొక్క గాలి. కొన్ని సంవత్సరాలకు గట్టు కనబడదు, తరువాత చేను కనబడదు. గడ్డి దుబ్బులు, చెట్ల వరుసలు ఉన్న చోట మాత్రము గాలి వేగము తగ్గి ఇసుక ముందుకు పోలేక అక్కడే పడిపోతుంది.

మన తీర్మానాలు ఒక్క దినమున కూలిపోవు. అవి కూడా ఇట్లే పూడిపోతాయి. ఒక సాయంకాలము అలసట వల్ల కుటుంబ ప్రార్థన తప్పుతుంది. మరునాడు టీవీలో ఏదో కార్యక్రమము. ఆ మరునాడు చేతిలో సెల్‌ఫోను. ఎవరూ దేవుని విడిచిపెట్టాలని నిర్ణయించుకోలేదు, అయినా పండుగ వచ్చేసరికి బలిపీఠము ఇసుకలో కనబడదు. దీనికి విరుగుడు పెద్ద గోడ కాదు. గడ్డి దుబ్బువంటి చిన్న అలవాట్లు వరుసగా నాటడమే. భోజనానికి ముందు పది నిమిషాలు, నిద్రకు ముందు ఒక కీర్తన, ఆదివారము ఉదయము పనికి పోకుండుట. ఒక్కొక్కటి చూస్తే అల్పము. వరుసగా ఉంటే ఇసుక ఆగుతుంది.

గొలుసు తెగినప్పుడు

కణేకల్లు పొలాలకు తుంగభద్ర ఎగువ కాలువ నీరు వస్తుంది. ఆ డ్యాముకు 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. తక్కిన 32 గేట్లు బాగానే ఉన్నా, ఆ ఒక్క సందునుండి నిండు డ్యాములోని నీరు వృథాగా పోసాగింది. కర్ణాటకలోను, సీమలోను రైతులు గుండెలు పట్టుకొని కూర్చున్నారు. గేట్ల పనిలో పండిపోయిన కన్నయ్యనాయుడు అనే వృద్ధ ఇంజనీరు సలహాతో, నీరు పారుతుండగానే ఇనుప పలకలు దింపి వారము తిరిగేసరికి ఆ సందు మూసివేశారు. నీరంతా పోయిన తరువాత తీరికగా బాగుచేద్దామని కూర్చుని ఉంటే ఆ ఏడు పంట ఏమయ్యేది?

తీర్మానము తప్పిన విశ్వాసికి సాతాను చెప్పే మాట అదే. “ఎలాగూ తెగిపోయింది గదా, వచ్చే జనవరిలో చూద్దాములే” అంటాడు. అతని మాట వినవద్దు. తప్పిన దినమే, పారుతున్న నీటిలోనే బాగుచేసికోవాలి. ఇస్సాకు తన తండ్రి త్రవ్విన బావులను ఫిలిష్తీయులు పూడ్చివేస్తే మరల త్రవ్వించాడు (ఆదికాండము 26:18). దేవుని కనికరము జనవరి ఒకటవ తేదీకి మాత్రమే క్రొత్తది కాదు, ప్రతి ఉదయము క్రొత్తదని విలాపవాక్యములు వ్రాసిన భక్తుడు శిథిలాల మధ్య కూర్చుని సాక్ష్యమిచ్చాడు.

ఉన్న చోటనే పిలుపు

దేవుని ఉద్దేశము అనగానే మనలో చాలామంది ఎక్కడికో పోవడము అనుకొంటారు. ఇక్కడ ఉన్నవారి చరిత్ర వేరే చెబుతుంది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారి చేరాడు. కన్నడ బైబిలు పూర్తిగా అచ్చయి బయటికి వచ్చినది 1831లో. మధ్యలో ఇరువది సంవత్సరాలు. ఒక మాటకోసము ఒక దినము, ఒక అధ్యాయము కోసము ఒక నెల. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థ స్థాపించి, 2009 జూన్ 19న కన్నుమూసేదాకా నలుబది సంవత్సరాలు ఈ కరువు ప్రజల మధ్యనే ఉన్నాడు. అతడు కతోలిక శాఖనుండి వచ్చినవాడు. అయినా బావులు, బడులు, ఆసుపత్రులు కట్టిన ఆ చేతులలో క్రీస్తు ప్రేమను గుర్తించడానికి మనకు శాఖ అడ్డము రాకూడదు.

అయితే మీరు మిషనరీలు కానక్కరలేదు. రాయదుర్గములో నేడు ఏ వీధికి వెళ్ళినా కుట్టు మిషన్ల శబ్దము వినబడుతుంది. వాన నమ్ముకోలేని కుటుంబాలు జీన్సు ప్యాంట్లు కుట్టి బ్రతుకుతున్నాయి. జేబు కుట్టేవారు ఒకరు, గుండీలు వేసేవారు ఒకరు, దారాలు కత్తిరించేవారు ఒకరు. తొడుక్కొనేవానికి వీరి పేరు తెలియదు. అయినా ఒక కుట్టు వదిలితే జేబు చినుగుతుంది. మనము చేయవలసిన సత్క్రియలను దేవుడు ముందుగానే సిద్ధపరచాడని పౌలు ఎఫెసీ సంఘానికి వ్రాశాడు (ఎఫెసీ 2:10). ఆ క్రియలు మిషను ముందు, మడి గట్టుమీద, పొయ్యి దగ్గర సిద్ధముగా ఉన్నాయి. పనికోసము బెంగుళూరు వెళ్ళినవారిని దేవుని పిలుపు విడిచారని నిందించవద్దు. చెరలో ఉన్నవారిని ఆ పట్టణ క్షేమము కోరమని ఆయనే చెప్పాడు. ఉన్నవారు ఉన్న చోట, వెళ్ళినవారు వెళ్ళిన చోట నమ్మకముగా ఉండడమే పిలుపు.

ఊరు ముట్టడిలో ఉండి ధరలేని దినాలలో యిర్మీయా అనాతోతులో పదిహేడు తులముల వెండి తూచి పొలము కొన్నాడు (యిర్మీయా 32). దేవుడు ఈ నేలను విడువలేదని చెప్పడానికి ఆ పత్రము కుండలో దాచాడు. కరువు నేలలో ఒక వేప మొక్క నాటి నీరు పోసేవాడు కూడా అదే విశ్వాసము చూపుతున్నాడు.

ఇంటిల్లిపాది కూర్చుని

ఇక ఈ జనవరిలో ఏమి చేయాలి? నెహెమ్యా దినములలో ప్రజలు నిబంధన చేసికొన్నప్పుడు దానిని వ్రాసి ముద్ర వేశారు. భార్యలు, కుమారులు, కుమార్తెలు కూడా అందులో చేరారు. బలిపీఠానికి కట్టెలు ఏ కుటుంబము ఎప్పుడు తేవాలో కూడా చీట్లు వేసి నిర్ణయించుకొన్నారు (నెహెమ్యా 10). దేవుని మందిరములో కట్టెల వంతు కూడా నిబంధనలో భాగమే!

మీరు కూడా ఒక సాయంకాలము ఇంటిల్లిపాది కూర్చోండి. పిల్లలను మాట్లాడనియ్యండి. ఒక నోటు పుస్తకములో మూడు మాటలకు మించకుండా వ్రాసికొనండి. ఒకటి దేవునితో, ఒకటి ఇంటిలో, ఒకటి పొరుగువారితో. దేవునితో అంటే ప్రార్థనకు ఫలానా గంట. ఇంటిలో అంటే, కూతురి చదువు మధ్యలో ఆపి చిన్న వయస్సులో పెండ్లి చేయమని కావచ్చు, అప్పులు దాచకుండా భార్యకు చెబుతానని కావచ్చు. పొరుగువారితో అంటే అన్నదమ్ముల గట్టు తగాదా ఈ ఏడు తీర్చుకొంటామని కావచ్చు.

ఒక హెచ్చరిక. అప్పు తెచ్చి కానుక ఇస్తామని మ్రొక్కవద్దు. మ్రొక్కుకొని చెల్లించకపోవడముకంటె మ్రొక్కుకొనకపోవడమే మేలని ప్రసంగి చెప్పాడు (ప్రసంగి 5:4, 5). పేద విధవరాలి రెండు కాసులను మెచ్చుకొన్న ప్రభువు వడ్డీకి తెచ్చిన వేయి రూపాయలు మిమ్మును అడుగడు. అప్పుల బాధతో మనస్సు చీకటిపడితే దానిని ఒంటరిగా మోయవద్దు. సంఘ పెద్దకు, కాపరికి చెప్పండి. ప్రక్క ఇంటివారు తలుపు తట్టి అడగండి. ఈ సంవత్సరము మన సంఘాలు చేయదగిన తీర్మానాలలో అది మొదటిది.

నెలకొకసారి సంస్కారపు ఆదివారమునకు ముందు రాత్రి ఆ నోటు పుస్తకము తెరవండి. నిలిచినదానికి స్తోత్రము చెప్పండి. పూడినదానిని మరల త్రవ్వండి.

పరలోకమందున్న తండ్రి మన ఎండిన లోయలను చూస్తున్నాడు. గాలి కనబడకపోవచ్చు, వాన కనబడకపోవచ్చు. గోతులు త్రవ్వే పని మనకు అప్పగించాడు, వాటిని నింపే పని తన చేతిలోనే ఉంచుకొన్నాడు. మీ కుటుంబములన్నిటికి ఆయన కృప తోడై యుండును గాక. ఆమేన్.